సమాధి రాయి రుచి

సువార్తమ్మ సమాధి మీది నల్లరాయి ఏటేటా తగ్గిపోతోంది. ఊళ్ళో ఈ సంగతి గమనించినవాళ్ళు లేకపోలేదు. మేకలు ఎక్కి తొక్కుతున్నాయని కొందరు, పిల్లకాయలు పెచ్చులు ఊడదీస్తున్నారని కొందరు అనుకున్నారు. అసలు సంగతి తెలిసిన మనిషి ఒక్కతే, సువార్తమ్మ కూతురు ఎలీషబా. తెలియక ఏం చేస్తుంది, ఆ రాయిని తింటున్నది ఆమే కదా.

మార్కాపురం నుంచి కొనకనమిట్ల పోయే దారిలో పక్కకు తిరిగితే వచ్చే పల్లె అది. సువార్తమ్మ బతికినన్నాళ్ళూ పలకల గనిలో పనిచేసింది. పైకి తెచ్చిన రాయికి ఉలి పెట్టి, సుత్తితో తట్టి, పొరలు పొరలుగా విడదీసే పని ఆమెది. ఎక్కడెక్కడి పిల్లలో అక్షరాలు దిద్దుకున్న పలకలు ఆమె చేతిమీదుగా పోయాయి గానీ, ఆమెకు మాత్రం సంతకం రాలేదు. ఎలీషబా ఇంకా ఓణీలు వేసుకోని వయసులోనే సువార్తమ్మ చనిపోయింది. జబ్బేమిటంటే ఎవరూ చెప్పలేదు. ఒంట్లో రక్తం లేదన్నారు. ఆ రక్తం ఎటు పోయిందని అడిగే తీరిక ఎవరికీ లేకపోయింది. తోటి పనివాళ్ళు గనిలోంచి మంచి రాయి ఒకటి ఏరి, పేరూ తేదీ చెక్కి సమాధి మీద పరిచారు. సువార్తమ్మకు ఒక్క ఫోటో కూడా లేదు. కూతురికి మిగిలింది ఆ రాయే.

తినడం మొదలైంది ఎలీషబాకు కూతురు రేచల్ పుట్టిన ఏడాది. సమాధుల పండగకు అందరిలాగే సున్నం, బంతిపూలు, కొవ్వొత్తులు పట్టుకుపోయి, ఎలీషబా రాయి మీద బిందెడు నీళ్ళు పోసింది. ఎండకు కాగి ఉన్న రాయి నుంచి గుప్పున వాసన లేచింది. అది అమ్మ వాసన. గని నుంచి వచ్చి చంకనెత్తుకుంటే ఆమె మెడ దగ్గర, చీరకొంగులో ఉండే వాసన. ఎలీషబాకు నోట్లో నీళ్ళూరాయి. సిగ్గేసి చుట్టూ చూసింది. ఎవరూ చూడటం లేదు. అంచున గోటితో గీరితే పొర ఊడి చేతిలోకి వచ్చింది. నోట్లో వేసుకుని కరకర నమిలింది. పెళ్ళి విందులో బిర్యానీ తిన్నా ఆమెకు అంత తృప్తి ఎప్పుడూ కలగలేదు.

ఆ తర్వాత సాకు దొరికినప్పుడల్లా పోయేది. గడ్డి పీకాలని, పురుగూ పుట్రా చేరిందేమో చూడాలని చెప్పేది. తలవైపు అంచు నుంచి మాత్రమే తీసేది, దారిన పోయేవాళ్ళకు కనపడదని. తల్లి సమాధిని ఇంత శుభ్రంగా ఉంచుకునే కూతురు ఎవరికుంటుందని సంఘపెద్ద ఏబేలు ఒక ఆదివారం ఆరాధనలో అందరి ముందూ మెచ్చుకున్నాడు. ఆమె దవడలో అప్పటికి ఒక పెచ్చు ఉంది. నోరు విప్పలేక తలవంచుకుని నిలబడింది. ఎంత వినయమో అనుకున్నారు జనం.

ఒళ్ళు మాత్రం తెల్లబడుతూ వచ్చింది. కింది రెప్ప లాగి చూస్తే ఉతికిన గుడ్డలాగా ఉండేది. పత్తి చేలో నాలుగు సాళ్ళు ఏరితే ఆయాసం. పల్లెకు వచ్చే నర్సు హెలెన్ ఎర్ర మాత్రలు ఇచ్చింది. ఎలీషబా వేసుకుంది. మళ్ళీ వేలికి పొడిచి చూస్తే రక్తం ఆరు పాయింట్లు దాటలేదు. ఇంకా ఎక్కువ మాత్రలు ఇచ్చారు. అవీ వేసుకుంది. ఊహూ.

"నిజం చెప్పక్కా, పెంటకుప్ప మీద పారేస్తన్నావా?" అంది హెలెన్.

"మింగతన్నా హెలెనమ్మా. దేవుని తోడు."

"మింగితే రక్తం ఎట్ల పెరగదు? నాకు పైనుంచి మాట పడతాంది."

ఇంట్లోనూ అదే మాట. ఆమె మొగుడు తిమోతి ట్రాక్టరు తోలతాడు, చెడ్డవాడు కాదు. కానీ ఊరంతా ఒక్క మాట మీద ఉంటే మంచివాడికి కూడా అనుమానం వస్తుంది. ఒకసారి ఆమె మాత్ర వేసుకున్నాక నోరు తెరిచి చూపించమన్నాడు. ఎలీషబా తెరిచి చూపించింది. అప్పుడు కలిగిన అవమానం ఆమెకు చాలాకాలం పోలేదు.

ఇంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. దాన్ని ఆమె ఎవరికీ చెప్పలేదు. పడుకుంటే చెవిలో సుత్తి దెబ్బలు వినపడేవి. టక్, టక్, టక్. తొందర లేకుండా, తప్పకుండా, రాయి మీద ఉలి పెట్టి కొట్టినట్టు. చిన్నప్పుడు గని గట్టున చెట్టుకు కట్టిన ఉయ్యాలలో పడుకుని ఆ శబ్దం వింటూనే నిద్రపోయేది ఆమె. ఆ వైపు గని ఎప్పుడో మూతపడింది. శబ్దం మాత్రం దగ్గరికి వచ్చింది. చేలోంచి ఇంటికి గబగబా నడిస్తే వెంటబడి గబగబా కొట్టేది. కూర్చుంటే నెమ్మదించేది. రొమ్ముల మధ్య కింద ఎవరో అరచెయ్యి ఆనించి నొక్కినట్టు మంట. సువార్తమ్మ కూడా అక్కడే చెయ్యి పెట్టుకుని కూర్చునేది. "అచ్చం మీయమ్మ దిగినట్టుండావు," అని ముసలమ్మలు అంటే అందరికీ అది ముచ్చట. ఎలీషబాకు మాత్రం వెన్ను జలదరించేది.

హిందువుల ఇంట్లో పుట్టి ఉంటే ఎవరో ఒకరు వేపమండలు పట్టుకుని వచ్చేవాళ్ళు, పట్టింది ఎవరో అడిగేవాళ్ళు, ఏం కావాలో కనుక్కునేవాళ్ళు. ఆమెకు ఆ దారి లేదు. చనిపోయినవాళ్ళు ప్రభువు దగ్గర నిద్రిస్తారు, తిరిగి రారు, వస్తారనుకోవడమే పాపం అని ఏబేలు ఎన్నిసార్లు చెప్పాడో. ఆయన మాటకు ఎదురు చెప్పేదేముంది? రాని మనిషి చెవిలో సుత్తి కొడుతోందని ఎవరితో చెప్పుకోవాలి? దయ్యం పట్టినవాళ్ళకంటే, దయ్యమే లేదనే ఇంట్లో దయ్యం పట్టినవాళ్ళ బతుకు కష్టం.

నిజం చెప్పాలంటే ఆమెకు భయం ఎంతో, ఇష్టం కూడా అంతే. అమ్మ ఎక్కడికీ పోలేదు. చెవిలో ఉంది, నాలుక మీద ఉంది, చెయ్యి వేసిన చోట ఉంది. చిన్నతనంలో తల్లి పోయిన పిల్లకు అది తక్కువేం కాదు.

ఆ ఇష్టం ఒక ఆదివారంతో సరి.

ఆరాధన అయ్యాక సమాధుల దగ్గరికి పోయింది. కాళ్ళవైపు అంచున రాయి కొత్తగా ఊడి ఉంది. లోపలి పొర నిగనిగలాడుతోంది. తను ఎప్పుడూ ముట్టని చోటు అది. కింద మట్టిలో చిన్న చిన్న పాదాల గుర్తులు. ఎలీషబా ఇంటికి పోయేసరికి రేచల్ వసారాలో బడి పుస్తకం ముందేసుకుని కూర్చుని ఉంది. పదేళ్ళ పిల్ల, ఎప్పుడూ చెంగుచెంగున గెంతేది. ఈ మధ్య గెంతడం మానేసింది. అది తను ఎట్లా గమనించలేదు?

"నోరు తెరువ్."

పిల్ల తెరిచింది. నాలుక మీద నల్లటి పొడి.

"ఎందుకు తిన్నావే?"

"నువ్వు తింటావు గదమ్మా. నేను చూసినా."

రేచల్ కాసేపు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "అమ్మా, రాయి ఎవరు కొడతన్నారు?" అని అడిగింది.

"ఏం రాయి?"

"టకటకా అంటాంది. పడుకుంటే వినపడతాది. నీకు వినపడదా?"

ఆ మాట విన్నాక ఎలీషబా ఆ రోజు అన్నం తినలేదు. తను ఎవరికీ చెప్పని శబ్దం అది. పిల్ల ఎవరి దగ్గర విని నేర్చుకోలేదు. అంటే అమ్మ తనతో సరిపెట్టుకోదు, మనవరాలికి కూడా గురిపెట్టింది. పిల్లను దగ్గరికి తీసుకుని దాని కింది రెప్ప లాగి చూసింది. తెల్లగా ఉంది.

మర్నాడు మధ్యాహ్నం, మండుటెండలో, సమాధి పక్కన కూర్చుని తల్లితో బేరం పెట్టింది.

"అమ్మా, నేనొస్తా. నీకు మనిషి కావాలంటే నేనొస్తా. పిల్లను విడిచిపెట్టు."

బేరం అంటే ఇచ్చి పుచ్చుకోవాలి కదా. ఎలీషబా ఇవ్వడం మొదలుపెట్టింది. ఎర్ర మాత్రలు మానేసింది. హెలెన్ ఏ పని చేస్తోందని అనుమానపడిందో, ఆ పని ఇప్పుడు నిజంగా చేసింది. పెంటకుప్పలో గుంత తీసి మాత్రలు పూడ్చిపెట్టింది. శుక్రవారం ఉపవాస ప్రార్థనకు సంఘంలో అందరూ ఒంటిపూట ఉంటే తను రెండు పూటలూ పస్తు ఉంది. రాయి మాత్రం తింది. పిల్ల ఊడదీసిన చోట అంతా గోకి, ఇక అటువైపు పెచ్చు దొరకకుండా చేసింది. సుత్తి దెబ్బలు గట్టిపడ్డాయి. వస్తున్నానమ్మా అనుకుంది. పత్తి చేలో ఒడిలో పత్తితోనే పడిపోయింది.

తిమోతి మార్కాపురం ఆసుపత్రికి తెచ్చాడు. రక్తం ఎక్కించారు. అక్కడి డాక్టరు సాహితి ఆ ఊరి బజారులో కిరాణా దుకాణం నరసింహారావు కూతురే. మొహమాటం లేని మనిషి, వరసబెట్టి ప్రశ్నలు వేసింది. నెలసరి ఎక్కువా? లేదు. ఎక్కడన్నా రక్తం పోతోందా? లేదు. మాత్రలు వేసుకున్నావా?

"ఏండ్లకేండ్లు వేసుకున్నా మేడం. ఈమధ్యనే మానేసినా."

"కడుపులో మంట ఎప్పటినుంచి?"

"బుద్ధి తెలిసినప్పటినుంచి."

"మీ అమ్మకు కూడా ఉండేదా?"

"వంటసోడా నీళ్ళలో కలుపుకుని తాగేది."

డాక్టరు తలెత్తి చూసింది. "మట్టిగానీ బలపాలుగానీ తినబుద్ధి అవుతుందా?"

ఎలీషబా ఉలిక్కిపడింది. ఈమెకెవరు చెప్పినారు? తిమోతి వైపు చూడకుండా, "రాయి," అంది. ఏ రాయో చెప్పలేదు.

గొంతులోంచి గొట్టం వేసి చూశారు. పిల్లకు, తిమోతికి వేరే పరీక్షలు చేయించారు. ఫలితాలు వచ్చాక డాక్టరు ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పింది. కడుపు లోపలి పొరలో ఒక సూక్ష్మక్రిమి ఉంది. హెచ్ పైలోరీ అంటారు. చాలామందికి ఉంటుంది, అందరినీ బాధపెట్టదు. కొందరిలో మాత్రం కడుపు పొరను వాచేలా చేస్తుంది. అన్నం అరిగించే పులుపు రసం తగ్గుతుంది, తిన్న ఇనుము రక్తానికి చేరదు. చేరే కాస్తలో అది కూడా వాటా తీసుకుంటుందంటారు.

"నీ రక్తం తగ్గడానికి ఇదొక్కటే కారణమని ఒట్టేసి చెప్పలేను. కానీ వేరే కారణం దొరకలేదు, మాత్రలకు లొంగలేదు. ఇట్లాంటప్పుడు దీన్ని చంపి, మళ్ళీ మాత్రలు ఇచ్చి చూస్తాం. చాలామందిలో అప్పుడు పెరుగుతుంది."

"అంటే నేను మింగిన మాత్రలు..."

"మింగే ఉంటావు. అవి ఒంటబట్టలేదు, అంతే."

ఎలీషబా తిమోతి ముఖం చూసింది. తిమోతి నేల చూశాడు. నోరు తెరిచి చూపించమన్న మనిషి ఇప్పుడు నోరు తెరవలేకపోయాడు.

"మరి చెవిలో సుత్తి?" అని ఆమె చివరకు అడిగేసింది.

"రక్తం పలచబడితే గుండె గట్టిగా కొట్టుకుంటుంది. చెవిలో వినపడేది నీ గుండే. నీ కూతురికీ అంతే, దానికీ రక్తం తక్కువే, దాని కడుపులోనూ ఈ క్రిమి ఉంది. రాయి తినబుద్ధి కూడా ఇనుము లేకనే."

అన్నిటికీ జవాబులు ఉన్నాయి. వింటుంటే ఎలీషబాకు తేలికపడాలి. తేలికపడలేదు. ఏళ్ళ తరబడి ఇంట్లో మసిలిన మనిషి సామాన్లను పరాయివాళ్ళు వచ్చి ఒక్కొక్కటే బయట పెడుతున్నట్టుగా ఉంది.

"ఇది మాకెట్ల వచ్చింది మేడం?"

"ఎక్కువమందికి పసితనంలో, ఇంట్లోవాళ్ళ నుంచే వస్తుంది. తల్లులు నమిలి బిడ్డ నోట్లో పెడతారు చూడు, అట్లా కూడా రావచ్చు."

ఎలీషబా ఇక ఏమీ వినలేదు. ఆమె కళ్ళ ముందు గని గట్టు. మధ్యాహ్నం గంట కొట్టగానే సువార్తమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి, గట్టిపడిన సజ్జరొట్టె తుంచి తను నమిలి, మెత్తటి ముద్ద చేసి కూతురి నోట్లో పెట్టేది. కరువు రోజులు. నమిలినదాంట్లో ఒక్క తునక కూడా తను మింగేది కాదు. అదే చూసి ఎలీషబా, రేచల్‌కు పళ్ళు రాని రోజుల్లో, అదే విధంగా సజ్జరొట్టె నమిలి పెట్టింది. ప్రేమగా పెట్టింది. ఇంకెట్లా పెట్టాలో ఆమెకు తెలియదు.

"అట్లైతే మాయమ్మ నా కడుపులో ఉన్నట్టే గదా మేడం."

"అమ్మ కాదమ్మా. క్రిమి."

"అమ్మ పెట్టిందే గదా."

డాక్టరు మందులు రాసింది. పెద్దవాళ్ళిద్దరికీ ఒక మోతాదు, పిల్లకు ఒక మోతాదు. ఇంట్లో ఎవరు మానేసినా పిల్లకు మళ్ళీ అంటుకునే ప్రమాదం ఉందని మరీ మరీ చెప్పింది.

ఇంటికి వచ్చాక ఎలీషబా రేచల్‌కు వేళకు మాత్రలు వేసింది. తిమోతికి చేతిలో పెట్టింది. తనవి మాత్రం కొంగున కట్టుకుంది. పిచ్చిదని అనుకోకండి. డాక్టరు చెప్పింది ఆమెకు బాగానే అర్థమైంది, అర్థమైంది కాబట్టే మింగలేకపోయింది. ఫోటో లేదు, గొంతు గుర్తులేదు, రాయి సగం అరిగిపోయింది. తల్లి తన చేత్తో లోపల పెట్టి పోయింది ఇదొక్కటే, అదీ ప్రాణంతో ఉంది. దాన్ని చంపడానికి మాత్ర మింగాలట. చంపేది తనేనట.

రెండో పూటే రేచల్ పట్టేసింది. మాత్ర అరచేతిలో పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

"ఏసుకో తల్లీ. నోరు చేదైనా ఓర్చుకో."

"నువ్వు ఏసుకోవడంలే. కొంగులో దాచుకున్నావు."

"నాది వేరేలే."

"వేరే ఏంది? అవ్వ నీకు కావాల్నా? నాకూ కావాల. నేనూ ఏసుకోను."

పిల్ల మొండితనంతో అనలేదు. తల్లికి తోడుగా ఉందామని అంది, అంత తెల్లటి ముఖంతో. ఎలీషబాకు సమాధి దగ్గర తను పెట్టిన బేరం గుర్తొచ్చింది. నన్ను తీసుకో, పిల్లను వదులు అని ఎవరిని అడిగింది? కడుపు మాడ్చుకుని నమిలిన ముద్దంతా బిడ్డకు పెట్టిన మనిషిని. బిడ్డ ప్రాణం అడిగే తల్లి కాదామె. బిడ్డల మీద పడ్డ నిందను తాము మోసిన అమ్మలు ఉంటారు గానీ, తల్లి మీద ఇంత నింద వేసిన కూతురు తనే.

కొంగు ముడి విప్పింది. మాత్రలు నోట్లో వేసుకుని, చెంబెత్తి నీళ్ళు తాగింది. గొంతు దిగేటప్పుడు, "పోయిరామ్మా," అంది లోలోపల. రేచల్ కూడా వేసుకుంది. ఇద్దరూ ముఖాలు వికారంగా పెట్టుకుని ఒకరినొకరు చూసుకున్నారు.

మందు పూర్తయ్యాక మళ్ళీ ఎర్ర మాత్రలు మొదలయ్యాయి. ఈసారి రక్తం పెరిగింది. రేచల్‌కు ముందు పెరిగింది, ఎలీషబాకు నెమ్మదిగా. హెలెన్ వచ్చి వేలికి పొడిచి చూసి, రెండోసారి కూడా చూసి, "అక్కా, నన్ను క్షమించు," అంది. ఎలీషబా టీ పెట్టి ఇచ్చింది. సమాధి వైపు పోవాలని కాళ్ళు లాగడం ఎప్పుడు మానేశాయో ఆమె గమనించనే లేదు.

పత్తి తీత ముగిసిన రోజుల్లో ఒక సాయంత్రం రేచల్ బడి నుంచి గెంతుకుంటూ వచ్చి అన్నానికి కూర్చుంది. పప్పూ గోంగూరా కలుపుకుని గబగబా తినేసి, కంచం ముందుకు తోసింది.

"ఇంకా పెట్టమ్మా."

ఎలీషబా పెట్టింది. అది కూడా అయిపోయింది. మళ్ళీ పెట్టమంది పిల్ల. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. ఎలీషబా గరిటె పట్టుకుని నవ్వబోయి, ఆగిపోయింది. ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది. ఊపిరి బిగబట్టి విన్నది. పిల్ల నమిలే చప్పుడు, బయట తిమోతి ట్రాక్టరు కడుగుతున్న నీళ్ళ చప్పుడు. అంతకుమించి ఏమీ లేదు. చెవి మూసుకుని విన్నా సుత్తి చప్పుడు లేదు.

గరిటె కింద పడింది. అమ్మ పోయిన రోజు రాని ఏడుపు ఆమెకు అప్పుడు వచ్చింది. నేల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. తిమోతి తడిచేతులతో పరుగెత్తుకొచ్చాడు.

"ఏందిమే, ఏమైంది? పిల్లకేమన్నా అయిందా?"

ఆమె కాదన్నట్టు తల ఊపింది.

"మాయమ్మ చచ్చిపోయింది," అంది.

ఎప్పుడో పోయింది గదా అనబోయాడు తిమోతి. ఆమె ముఖం చూసి ఆ మాట మానుకున్నాడు. చావు జరిగిన ఇంటికి వచ్చినవాళ్ళు కూర్చున్నట్టే, పక్కన నేల మీద కూర్చున్నాడు.